గల్లా పెట్టె తేలాకే డీడ్: ఉమ్మడి కొట్టుని ఫర్మ్‌గా మార్చుకున్న అనుభవం

విజయవాడ దగ్గర గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో మాది కిరాణా కొట్టు. లైసెన్సులూ బ్యాంకు ఖాతా అన్నీ నాన్నగారి పాన్ మీదే ఉండేవి. అన్నయ్యా నేనూ పొద్దుగూకులూ అక్కడే ఉన్నా కాగితాల్లో ఎక్కడా లేము. ముగ్గురం భాగస్వాములుగా ఫర్మ్ పెట్టుకోవాలంటే ఆడిటర్ దగ్గరికి వెళ్లేముందు గల్లా పెట్టె లెక్క తేల్చుకోవాలి.

కొట్టు ఖర్చూ ఇంటి ఖర్చూ చిట్టాలో ఒకే పద్దు కింద పడుతుంటే ఎవరికి వాళ్లకి ఎదుటివాడే ఎక్కువ వాడుతున్నట్టుంటుంది. అందుకే మనిషికో సొంత వాడకం ఖాతా తెరిచి మూడు నెలలు రాశాం. నగదైతే ఎలాగోలా దొరుకుతుంది, జారిపోయేది సరుకే. "ఒక నూనె డబ్బా ఇంటికి పంపించు" అని ఫోన్ వస్తే గుమాస్తా పంపేస్తాడు, చిట్టాకి ఎక్కదు. ఏడాది చివర స్టాకు తగ్గి, లాభం పడిపోయినట్టు కనిపిస్తుంది. పైగా సొంతానికి వాడిన సరుకు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకి తీసుకునే తగ్గింపు) వెనక్కి కట్టాలి. అందుకని ఇంటికి వెళ్లేదేదైనా కొన్న ధరకి ఆ ఖాతాలో రాయాలన్నాం. "మన కొట్లో మనకే లెక్కా?" అని అమ్మ నొచ్చుకుంది.

ఆ మూడు నెలల అంకెలే జీతాలకి ఆధారం. పనికి జీతం, పెట్టుబడికి వడ్డీ, మిగిలిన లాభంలో వాటా: ఈ మూడూ కలిపేస్తేనే తగువులు. నాన్నగారు రోజూ కొట్టుకి రారు కాబట్టి ఆయనకి జీతం లేదు, వడ్డీ వస్తుంది. వడ్డీ 12 శాతానికి మించితే పన్ను లెక్కలో ఒప్పుకోరు. జీతం అంకెగానో, లెక్కకట్టే పద్ధతిగానో డీడ్‌లో (భాగస్వామ్య ఒప్పంద పత్రంలో) ఉండి తీరాలి. జీతాలకీ పన్ను లెక్కలో హద్దుంది: పుస్తక లాభం (భాగస్వాముల జీతాలు తీయకముందు లాభం) మొదటి 6 లక్షల మీద 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది. ఆపైన 60 శాతం. ఇది భాగస్వాములందరికీ కలిపి ఉన్న హద్దు, తలా ఇంత అనుకుని చాలామంది పొరబడతారు. 2025 ఏప్రిల్ నుంచి భాగస్వామికిచ్చే జీతం, వడ్డీ కలిపి ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలి.

ఇద్దరే ఉన్న ఫర్మ్‌లో ఒకరు పోతే ఫర్మే ఉండదు. ముగ్గురున్నా సరే, ఒకరు పోయినా మిగతావాళ్లు కొనసాగిస్తారని డీడ్‌లో రాసుకోవాలి. నాన్నగారి పెట్టుబడి ఆయన తదనంతరం, వీలునామా లేకపోతే, అమ్మకీ అక్కకీ మాతో సమానంగా వస్తుంది. కాబట్టి డీడ్ చదివే రోజు అక్కనీ బావగారినీ పిలిచి కూర్చోబెట్టాం. తర్వాత తెలిస్తే ఆ మాట వేరేలా ఉంటుంది.

ఫర్మ్ రిజిస్ట్రేషన్ చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ, అది లేకుండా బాకీదారు మీద కోర్టుకి వెళ్లలేం. అరువు మీద నడిచే హోల్‌సేల్‌కి అది లేకపోతే ఎలా?

ఫర్మ్‌కి వేరే పాన్ కాబట్టి జీఎస్టీ నంబరూ కొత్తదే. ఇక్కడ వరస తప్పకూడదు. ముందు కొత్త నంబరు, తర్వాత పాత నంబరులో మిగిలిన క్రెడిట్‌ని కొత్తదానికి మార్చే ఐటీసీ-02 ఫారం, దానికి సీఏ సర్టిఫికెట్, కొత్త నంబరు వైపు నుంచి ఆమోదం. అప్పుడే పాతది రద్దుకి పెట్టాలి. ముందే రద్దు చేయిస్తే క్రెడిట్ ఇరుక్కుంటుంది. రద్దయిన మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 (చివరి రిటర్న్) వేయాలి. బ్యాంకు సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్ అప్పు) కూడా మళ్లీ మొదటినుంచే.

మేం పప్పులో కాలేసింది యూపీఐ దగ్గర. కౌంటర్ మీద క్యూఆర్ స్టిక్కర్ మార్చాం గానీ, నూజివీడు, తిరువూరు చిల్లర కొట్ల వాళ్ల ఫోన్లలో నాన్నగారి నంబరే ఉండిపోయింది. డబ్బు పాత ఖాతాలోకి, బిల్లు కొత్త ఫర్మ్ పేరున. ఒక్కో మొత్తాన్నీ ఫర్మ్ ఖాతాకి పంపి, ఎవరి బాకీలో జమ చేయాలో చూసి రాసేసరికి అన్నయ్యకి రెండు ఆదివారాలు పట్టింది.