ఆలేరు గెలిపించిన కమలాదేవి

ఆరుట్ల కమలాదేవి పేరెత్తగానే మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఎవరైనా సాయుధ పోరాటం గురించే మాట్లాడుతారు. అది న్యాయమే. ఆంధ్ర మహాసభలో పనిచేసి, ఆ తర్వాత దళంలో తుపాకి పట్టిన స్త్రీని ఊళ్లు అంత తొందరగా మరిచిపోవు. అయితే ఆ తర్వాత ఆమె శాసనసభ్యురాలిగా గడిపిన పదిహేనేళ్ల గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ. ఆ లోటు నన్ను చాలాకాలంగా బాధపెడుతున్నది.

1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు జరిగిన తొలి ఎన్నికల్లో, 175 స్థానాల సభలో, కమ్యూనిస్టుల వేదికైన పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పి.డి.ఎఫ్.) 42 స్థానాలు గెలిచింది. ఆలేరు నుంచి గెలిచినది కమలాదేవి. ఎదురుగా ముఖ్యమంత్రి స్థానంలో పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు. అంతవరకు ఆయుధంతో ఎదిరించిన ప్రభుత్వ యంత్రాంగాన్ని ఇక ప్రశ్నలతో, చర్చలతో నిలదీయవలసి రావడం చిన్న మార్పు కాదు. దానికి వేరే రకమైన ఓర్పు కావాలి. ఊళ్లో ‘దున్నేవాడిదే భూమి’ అన్న నినాదం సభలోకి వచ్చేసరికి సెక్షన్లుగా, సవరణలుగా మారుతుంది. 1950 నాటి కౌలుదారీ చట్టానికి 1954లో జరిగిన సవరణతోనే రక్షిత కౌలుదారుకు, అంటే చట్టం రక్షణ పొందిన కౌలు రైతుకు, భూమిపై యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఇ సెక్షన్ వచ్చింది. మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచుకున్న యాజమాన్య సర్టిఫికెట్ ఆ సెక్షన్ కింద ఇచ్చినదే. ఆ కాగితాన్ని చూసినప్పుడల్లా, భూమి కోసం జరిగిన పోరాటంలో సగం శాసనసభలోనే జరిగిందని నాకనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత, 1957లో తెలంగాణ ప్రాంతానికి మాత్రమే ఎన్నికలు జరిగాయి. ఆలేరు మళ్లీ ఆమెనే గెలిపించింది. 1962లో మూడోసారి గెలిచినప్పుడు, భర్త రామచంద్రారెడ్డి కూడా పక్కనున్న భువనగిరి నుంచి సభకు వచ్చారు. భర్త నీడలో ఎదిగిన నాయకురాలని ఆమెను ఎవరూ అనలేరు, ఎందుకంటే అప్పటికే ఆలేరు ప్రజలు ఆమెకు వరుసగా రెండుసార్లు ఓటేసి ఉన్నారు.

ఆమె పదవీకాలం 1967లో ముగిసింది. ఆలేరు నుంచి మరో మహిళ, గొంగిడి సునీత, శాసనసభకు వెళ్లడానికి 2014 దాకా ఆగవలసి వచ్చింది. నలభై ఏడేళ్లు.