పాత కారు తుక్కుకి ఇవ్వడానికి పడ్డ పాట్లు – నా అనుభవం

పాత బండిని తుక్కు కేంద్రానికి అప్పగించినట్టు ఇచ్చే కాగితం, సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్, నిన్న సాయంత్రం చేతికొచ్చింది. నాన్నగారు 2005లో కొన్న కారు చట్టప్రకారం తుక్కుకి వెళ్లిపోయింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. అడుగంతా తుప్పు పట్టిన బండికి అంత పెట్టడం దండగ. "పాత ఇనప కొట్టుకి తోలేయండి, అక్కడికక్కడే డబ్బు ఇస్తాడు" అన్నారు ఊళ్లో అందరూ. నేను ఒప్పుకోలేదు. ఆ కొట్టు కాలువ గట్టు మీదే ఉంది. ఇంజిన్ విప్పినప్పుడు నల్లటి ఆయిల్ బోదెలోకి, అక్కణ్ణించి వరి మడుల్లోకి పోవడం కళ్లారా చూశాను. ఏసీ గ్యాస్ గాల్లోకి వదిలేస్తారు. ఆ కాలం కార్లలో ఉండే ఆర్-134ఎ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేడి పెంచుతుంది. ఇక బ్యాటరీలో సీసం, యాసిడ్. కోనసీమలో చేలకైనా చెరువులకైనా ఆ కాలువ నీళ్లే కదా!

2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. కాలం తీరిన బండిని 180 రోజుల్లోగా దాన్ని తయారుచేసిన కంపెనీ నిర్దేశించిన షోరూమ్‌లో గానీ, సేకరణ కేంద్రంలో గానీ, రిజిస్టరైన తుక్కు కేంద్రంలో గానీ అప్పగించాలి. అది చదివే మా పట్టణంలోని షోరూమ్‌కి వెళ్లాను.

"ఎక్స్ఛేంజా అండీ?" అన్నాడు కుర్రాడు. కాదు, తుక్కుకి అన్నాను. అంతే, కాఫీ తెస్తున్నవాణ్ణి వెనక్కి పంపేశారు. చాలాసేపు కూర్చోబెట్టాక మేనేజర్ వచ్చాడు. ఫోన్లో నిబంధన చూపించబోతే, కొత్త కారు చూడ్డానికి వచ్చిన కుటుంబం ముందు, గొంతు పెంచి "మాస్టారూ, మీరు బండి కొనడానికి వచ్చారా, మాకు పాఠం చెప్పడానికి వచ్చారా?" అన్నాడు. వాళ్లందరూ నావైపు తిరిగి చూశారు. నా వయసు మనిషితో మాట్లాడే తీరా అది? మీకు ఆ బాధ్యత లేకపోతే, ఎవరికి ఉందో రాసివ్వండి అన్నాను. "హెడ్డాఫీసుని అడుక్కోండి" అని లోపలికి వెళ్లిపోయాడు.

అడిగాను. ఆ రాత్రే నిబంధన తేదీతో సహా హెడ్డాఫీసుకి మెయిల్ రాశాను. కొన్నాళ్లకి ప్రాంతీయ అధికారి స్వయంగా ఫోన్ చేసి, క్షమించమని అడిగి, రిజిస్టరైన తుక్కు కేంద్రం నంబర్ ఇచ్చాడు. మా ఊళ్లో చట్టం చదివి కారు అప్పగించినవాణ్ణి నేనే, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

మిగతాదంతా తేలిగ్గానే అయింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను, లారీ వచ్చి బండి తీసుకెళ్లింది. ఒక్క జాగ్రత్త: ఎప్పుడో తీరిపోయిన లోన్ అయినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే ముందు ఫారం 35తో తీయించుకోండి, చలాన్లు కట్టేయండి. బ్రోకర్లకి పైసా ఇవ్వొద్దు. కొత్త సొంత కారు కొంటే ఆ సర్టిఫికెట్ మీద రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీకి కేంద్రం వీలు కల్పించింది. ఇక్కడ ఎంత ఇస్తారో రవాణా ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

కంపెనీల సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట అమ్మిన సొంత కార్లలో వాడిన ఉక్కులో కనీసం 8 శాతానికి సరిపడా తుక్కు లెక్క చూపితే ఇప్పటికి వాళ్లకి చాలు. 2030-31 నుంచి 13, 2035-36 నుంచి 18 శాతం. ఇది మరీ తక్కువ. పాత ఉక్కు తిరిగి కరిగిస్తే కొత్తగా ఖనిజం తవ్వే పని, బొగ్గు మండించే పని తగ్గుతాయి. ఎలక్ట్రిక్ కార్లు తెస్తున్నారు, సంతోషం. కానీ అమ్మిన బండిని తిరిగి తీసుకునే చోటు రావులపాలెంలో, అమలాపురంలో, రాజోలులో కనపడాలి. ప్రతి షోరూమ్ గుమ్మంలో బోర్డు పెట్టమని, సిబ్బందికి నిబంధనలు నేర్పమని అదే అధికారికి మళ్లీ రాశాను. జవాబు రాలేదు. మా బావగారి కారుకి కూడా గడువు దగ్గర పడింది, ఆ కాగితాలతో వచ్చే వారం అదే షోరూమ్‌కి వెళ్తున్నాను.