లుండ్బీ బొమ్మరిల్లు సర్దిన ఆరు వారాలు

మేం ఉండేది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, హిసింగెన్ వైపు. ఇక్కడే లుండ్బీ అనే పేట ఉంది. 1947లో థామ్సెన్ దంపతులు బొమ్మరిళ్ల సామాన్లు చేసే కంపెనీ పెట్టి, దానికి ఈ పేట పేరే పెట్టారు. నా ఆఫీసులో స్వీడిష్ ఆడవాళ్లను కదిలిస్తే చాలు, చిన్నప్పటి లుండ్బీ ఇంటి గురించి చెబుతారు. అలాంటి ఇల్లొకటి పోయిన అక్టోబరులో ఒక లోపిస్‌లో, అంటే పాత సామాన్ల సంతలో, నాకు కనిపించింది. పక్కనే బిస్కెట్ డబ్బా నిండా ఫర్నిచర్. 1970ల్లో తన కూతురికి కొన్నానని అమ్మిన పెద్దావిడ చెప్పింది. రెండూ కలిపి 600 క్రోనార్లకు ఇచ్చింది. మా అమ్మాయికి ఏడేళ్లు, తనతో కలిసి సర్దుకోవచ్చని తెచ్చేశాను.

మొదటి వారమంతా శుభ్రం చేయడంతోనే సరిపోయింది. ప్లాస్టిక్ వస్తువులను గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగాను. చెక్కవాటిని నీళ్లలో వేస్తే జిగురు వదిలేస్తుంది, అందుకని బాగా పిండిన గుడ్డతో తుడిచాను. గోడలకున్నది కాగితం, దానికి పొడి బ్రష్ ఒక్కటే. నెయిల్ పాలిష్ రిమూవర్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకండి, అందులోని అసిటోన్ ఈ రకం ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు చేశాను. కాలు విరిగిన కుర్చీకి సూపర్ గ్లూ పెట్టాను. అతుక్కుంది గానీ, తెల్లారేసరికి ఆ ముదురు చెక్క మీద అతుకు చుట్టూ తెల్లగా బూడిద పట్టినట్టయింది. ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు. యాభై ఏళ్లు జాగ్రత్తగా ఉన్న వస్తువు నా చేతిలో పాడైందని చాలా బాధపడ్డాను. ఆ తర్వాత చెక్కకు మామూలు తెల్ల జిగురే వాడాను. పాత జిగురు గీకేసి, కొత్తది రాసి, రబ్బరు బ్యాండు చుట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే చాలు.

తర్వాత కొలతలు. లుండ్బీ స్కేలు 1:18, నిజం వస్తువులో పద్దెనిమిదో వంతు. 75 సెంటీమీటర్ల బల్ల ఇక్కడ నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. బ్రిటన్‌లో బొమ్మరిళ్లు సేకరించేవాళ్లు ఎక్కువగా వాడేది 1:12. విండ్సర్ కోటలో ఉన్న 1924 నాటి క్వీన్ మేరీ బొమ్మరిల్లు కూడా ఆ స్కేలుదే. ఆ లెక్కలో అదే బల్ల ఆరు సెంటీమీటర్లు దాటుతుంది. మా డబ్బాలో రెండు రకాలూ కలిసిపోయి ఉన్నాయి. విడిగా చూస్తే తేడా తెలియదు, కానీ పెద్ద కుర్చీని చిన్న బల్ల పక్కన పెడితే గది మొత్తం అబద్ధంలా కనిపిస్తుంది. కొలబద్ద పట్టుకుని ఒక్కొక్కటీ కొలిచి, 1:12వి ఎంత ముద్దొచ్చినా పక్కన పెట్టేశాను.

ఇక సర్దడం. నేను ఎలమంచిలిలో అమ్మమ్మ పెట్టే బొమ్మల కొలువు చూస్తూ పెరిగినదాన్ని. కొలువులో ప్రతి బొమ్మా వచ్చిన పేరంటాళ్ల వైపే చూడాలి, మెట్టు మీద ఖాళీ కనపడకూడదు. తెలియకుండానే ఇక్కడా అలాగే చేశాను. సోఫా, కుర్చీలు, టీవీ, అన్నీ ముందు వైపుకు తిప్పి వరసగా పేర్చాను. చూడటానికి నిండుగా ఉంది గానీ, ఫర్నిచర్ షాపులా ఉంది. మూడుసార్లు మార్చాను. ప్రతిసారీ అదే.

నాలుగోసారి అన్నీ తీసేసి టార్చిలైటు వేసి చూస్తుంటే గోడ మీద మచ్చలు కనిపించాయి. వెలుతురు తగిలిన మేర కాగితం వెలిసిపోయింది. ఏళ్ల తరబడి ఏదో ఆనుకుని ఉన్నచోట మాత్రం అసలు రంగు నిలిచిపోయింది. హాలు పక్కగోడ మీద ఉన్న మచ్చకు సోఫా వీపు ఆనించాను. సరిగ్గా సరిపోయింది! అంటే ఆ చిన్నపిల్ల సోఫాను మన వైపు కాదు, ఎదుటి గోడ దగ్గరున్న టీవీ వైపు తిప్పి పెట్టుకుంది. ఇంట్లో కూర్చునేవాళ్లకు ఏం కావాలో చూసుకుంది. ఆ సాయంత్రం నేనూ మా అమ్మాయీ ఒక్కో మచ్చ దగ్గర ఒక్కో వస్తువు పెట్టి చూస్తూ కూర్చున్నాం. మంచం తల గోడకి, అద్దం బల్ల మూలకి. ఖాళీ నేల మిగిలింది, దాన్ని అలాగే వదిలేశాను.

దీపాల సంగతి ముందే చూసుకుని ఉండాల్సింది. వైర్లు వెనక గోడ వైపు వెళ్తాయి కాబట్టి, వాటికోసం సర్దినవన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది. పాత లుండ్బీ దీపాలు 4 వోల్టులవి, 230 వోల్టుల కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ తగ్గించి ఇస్తుంది. మాకు వచ్చిన దాని వైరు ఎండి పగుళ్లిచ్చింది. పిల్ల ముట్టుకునే వస్తువు, ఆ టెన్షన్ నాకెందుకని దాన్ని పక్కన పడేసి, అదే వోల్టేజీది ఇంకొకటి వెతికి కొన్నాం. మా ఆయన మల్టీమీటర్‌తో వోల్టేజీ చూశాకే తగిలించాం. డిసెంబరులో ఇక్కడ మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. హాల్లో వేలాడే ఆ చిన్న దీపం వెలగగానే మా అమ్మాయి "అమ్మా, లోపల ఎవరో ఉన్నట్టుంది" అంది.

అమ్మమ్మ ఇచ్చిన ఏటికొప్పాక లక్కపిడతలు నా దగ్గరున్నాయి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో చేసి, లేత్ మిషన్ మీద తిప్పుతూ లక్క పట్టించినవి. వంటగదిలో పెడదామని ఎంతో ఆశపడ్డాను. మూడు సెంటీమీటర్ల గుండిగను 18తో గుణిస్తే 54 సెంటీమీటర్లు, పెళ్లిళ్లలో వండే గుండిగ అది! వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "అందులో ఒక్క చెంబు ఉండాలి చూడు, గోటంత" అంది. వెతికితే లక్కపిడతల డబ్బా అడుగున దొరికింది. సెంటీమీటరు ఎత్తు, అంటే నిజంలో 18. పసుపు రంగు చెంబు ఇప్పుడు స్టవ్ పక్కన ఉంది. అది దొర్లిపోకుండా అడుగున మ్యూజియం వ్యాక్స్ అనే మైనం చిన్న చుక్క అంటించాను, మరక పడకుండా ఎప్పుడైనా తీసేయొచ్చు.

పడకగదిలో ఒక మచ్చ మాత్రం మిగిలింది. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, పది ఎత్తు. డబ్బాలో దేనికీ సరిపోలేదు. నిలువు గడియారం అయి ఉంటుందని మా అమ్మాయి అంటోంది, నాకు సన్నటి పుస్తకాల అలమర అనిపిస్తోంది. ఆ చోటు ఖాళీగానే ఉంచాం. శనివారాలు లోపిస్‌కి వెళ్లేటప్పుడు ఆ కొలబద్ద మా అమ్మాయి కోటు జేబులోనే ఉంటుంది.