సార్ గీసిన ఎర్ర గీత

మన బ్యాచ్ కలుసుకునే రోజు కోసం వేసే సావనీరుకి ఒక పేజీ రాసివ్వమని మన కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. నీలం గేటు గొడవ, సాగర్ ఎక్స్‌కర్షన్ ఎవరో ఒకరు రాస్తారు. నేను మాత్రం ఫైనలియర్‌లో హిస్టరీ సార్ అమెరికా అంతర్యుద్ధం చెప్పిన వారం గురించే రాస్తాను. ముందు రెండేళ్లు నాకు అంతగా గుర్తు లేవు.

బోర్డు మీద పటం వేసి, కుడి వరస ఉత్తరం, మన వరస దక్షిణం అన్నారు సార్. 1819లో బానిసత్వం ఉన్న రాష్ట్రాలు 11, లేనివి 11. అక్కడి పార్లమెంటు పై సభ సెనేట్‌లో సరికి సరి. అప్పుడే మిస్సోరి వచ్చి తననూ చేర్చుకోమంది. సార్ ఎవర్ని లేపి మధ్యలో నిలబెట్టారో మీకు చెప్పక్కర్లేదు, ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తాం. చివరికి 1820లో రాజీ కుదిరింది. మెయిన్ అనే ఇంకో కొత్త రాష్ట్రం ఉత్తరానికి, మిస్సోరి దక్షిణానికి. పశ్చిమాన కొత్తగా కొన్న లూసియానా భూముల్లో మాత్రం, మిస్సోరి మినహా, 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి పైన బానిసత్వం ఉండకూడదు. ఆ గీతను సార్ ఎర్ర సుద్దతో, స్కేలు పెట్టి మరీ గీశారు. రోజూ పటం చెరిపేవారు కాదు, పక్క క్లాసు వాళ్లని కూడా చెరపనిచ్చేవారు కాదు.

1854కి వచ్చేసరికి డస్టర్ తీసి ఆయనే ఆ గీత తుడిచేశారు. బానిసత్వం ఉండాలో వద్దో అక్కడి జనమే తేల్చుకోవాలంటూ సెనేటర్ డగ్లస్ తెచ్చిన కాన్సాస్-నెబ్రాస్కా చట్టం అది. ఎర్ర పొడి తెల్ల చొక్కా మీద పడ్డా దులుపుకోలేదు. కాన్సాస్‌లో ఇరుపక్షాలూ తుపాకులు పట్టాయి. 1856లో సెనేట్ హాల్లోనే దక్షిణాది సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్, బానిసత్వాన్ని వ్యతిరేకించిన సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ని చేతికర్ర విరిగేదాకా కొట్టాడు. దక్షిణాది వాళ్లు బ్రూక్స్‌కి కొత్త కర్రలు పంపారు. అంతవరకూ పత్తి వ్యాపారం ఏమైపోతుందని గొంతు చించుకుని వాదించిన మన వరసను చూసి సార్ అడిగారు: "ఇన్ని బేరాలు చేశారు కదా, ఎవరి బతుకు గురించి బేరమో వాళ్లలో ఒక్కరైనా ఆ గదిలో ఉన్నారా?" 1860 నాటికి ఆ బానిసలు దాదాపు 40 లక్షల మంది.

డ్రెడ్ స్కాట్ కథ ఆ ప్రశ్న తర్వాతే చెప్పారు. బానిసత్వం లేని ఇల్లినాయిలో ఉండి వచ్చాను కాబట్టి నేను స్వతంత్రుణ్ణేనని కోర్టుకెక్కిన మనిషి. 1857లో సుప్రీంకోర్టు అతను అసలు పౌరుడే కాదంది. కొత్త భూముల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారమే కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, లేదంది. అంటే ఆ గీత గీయడమే చెల్లదని. అధ్యక్ష ఎన్నికలో లింకన్ గెలుపు, దక్షిణ కరొలినా విడిపోవడం, 1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ కోట మీద ఫిరంగులు, ఇవన్నీ చివరి పావుగంటలో అయిపోయాయి. యుద్ధం మీరే చదువుకోండి అన్నారు.

మా అమ్మాయి మిస్సోరిలోని సెయింట్ లూయిస్‌లో డాక్టరు. అక్కడికి వెళ్లినప్పుడు నేను అడిగి చూసింది ఒక్కటే, పాత కోర్టు భవనం. 1850లో స్కాట్‌కు జ్యూరీ స్వేచ్ఛ ఇచ్చింది అక్కడే. రెండేళ్లకే రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. భవనం ముందు డ్రెడ్, హారియెట్ దంపతుల విగ్రహం ఉంది. సార్ పాఠంలో హారియెట్ పేరు వినలేదు, ఆమె కూడా విడిగా కేసు వేసిందని అక్కడే తెలిసింది. తిరిగొచ్చాక నేను చెప్పే పాఠంలో ఆమెనీ చేర్చాను.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యేదాకా ఆ పాఠం నేను వేరెవరికీ వదల్లేదు. నా దగ్గర చదివిన పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు హిస్టరీ లెక్చరర్లు, వాళ్లూ గీత గీసి తుడుస్తారట.

కలుసుకునే రోజుకి తప్పకుండా వస్తాను. మిస్సోరి పక్కన నాకో కుర్చీ ఉంచండి.