కొత్త చిప్ వచ్చేదాకా ఆగుదామనుకున్నా: గేట్ ప్రిపరేషన్‌లో నేను పోగొట్టుకున్న మూడు నెలలు

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అక్కణ్ణుంచి ఆంధ్ర. ఎంటెక్ సీట్లకి రాసే గేట్ పరీక్షకి, కంప్యూటర్ సైన్స్ పేపర్‌కి, నేను కోచింగ్ తీసుకోలేదు. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ వాళ్ల పాఠాల వీడియోలు, పాత పేపర్లు, ఆన్‌లైన్ మాక్‌లు (నమూనా పరీక్షలు), అన్నీ ల్యాప్‌టాప్ మీదే. అందుకే దాని గురించే రాస్తున్నా.

ఆ ల్యాప్‌టాప్ 2017లో అన్నయ్య బీటెక్ కోసం కొన్నది. ఇంటెల్ ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చేసరికి కూడా బ్రౌజర్ తెరుచుకునేది కాదు. 2025 జూన్‌లో కొత్తది కొందామంటే హైదరాబాద్ నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. "ఇప్పుడు కొనకే. ఇంటెల్‌ది పాంథర్ లేక్ అని కొత్త ప్రాసెసర్ వస్తోంది. కొన్నాళ్లు ఆగితే అదే డబ్బుకి మంచిది దొరుకుతుంది." అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోతుందని తెలుసు. విండోస్ 11కేమో ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి. పాతదాని మీద రూపాయి పెట్టినా దండగే అనిపించి ఆగిపోయాను.

ఆగడం వల్ల నష్టం డబ్బు రూపంలో రాలేదు. "మాక్‌లు కొత్తదాంట్లో రాద్దాం" అనుకోవడంతో వచ్చింది. జూన్, జులై, ఆగస్టు మూడు నెలల్లో ఒక్క ఫుల్ మాక్ కూడా రాయలేదు. రాత్రిళ్లు రాబోయే చిప్‌ల వీడియోలు చూసేదాన్ని. డేటాబేస్ సబ్జెక్టు నోట్స్ చివరి పేజీల్లో ప్రాసెసర్ల పోలిక పట్టిక గీసుకున్నాను. ఆ పేజీలు ఇప్పుడు చూసినా బాధేస్తుంది.

ఆగస్టు చివర్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ రివిజన్‌లో వర్చువల్ మెమరీకి, అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌ని కూడా మెమరీలా వాడుకోవడానికి, వచ్చాను. మీరూ చేసే ఉంటారు ఆ లెక్క. ర్యామ్‌లోంచి తేవడానికి 200 నానోసెకన్లు, కావాల్సింది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తేవాల్సి వస్తే (దీన్నే పేజీ ఫాల్ట్ అంటారు) 8 మిల్లీసెకన్లు అనుకుంటే, వెయ్యిసార్లలో ఒక్కసారి ఫాల్ట్ వచ్చినా సగటు 8.2 మైక్రోసెకన్లు. అంటే నలభై రెట్లు నెమ్మది. లెక్క అయ్యేసరికి నా వీడియో మళ్లీ ఆగిపోయింది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే డిస్క్ 100 శాతం, ప్రాసెసర్ 20 కూడా లేదు. ర్యామ్ చాలక, అసలు పని వదిలేసి డిస్క్‌తో అటూ ఇటూ మార్చుకుంటూనే ఉండటం, పుస్తకంలో థ్రాషింగ్ అని చదువుతున్నది, నా ఒళ్లోనే జరుగుతోంది. నేను మూడు నెలలుగా ఎదురుచూస్తున్నది కొత్త ప్రాసెసర్ కోసం, కానీ నాకు అడ్డం ప్రాసెసర్ కాదు!

మర్నాడే బజార్లో రిపేర్ షాపుకి పట్టుకెళ్లాను. "ఏటమ్మా, కొత్తది కొంటావా, దీన్నే బతికిస్తావా?" అన్నాడాయన. అడుగు మూత విప్పితే ఫ్యాన్ రెక్కలకి బూడిదరంగు దుమ్ము దట్టంగా పట్టి ఉంది. పక్కన ర్యామ్ స్లాట్ ఒకటి ఎనిమిదేళ్లుగా ఖాళీ! బ్రష్‌తో దుమ్ము దులిపి, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ స్థానంలో తిరిగే భాగాలే లేని 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ బిగించాడు. మొత్తం ఐదు వేల లోపే. ఇంటికొచ్చి ఆన్ చేస్తే ఇరవై సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చింది. హార్డ్ డిస్క్‌లో ముల్లు తిరిగి చోటు వెతుక్కోవడానికి సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు. తేడా అంతా అక్కడే.

సెప్టెంబర్ రెండో వారంలో మొదటి మాక్ రాశాను. వందకి 28 మార్కులు వచ్చాయి. అది జూన్‌లోనే తెలియాల్సిన సంగతి.

తరవాత తేదీలు చూడండి. పాంథర్ లేక్ వివరాలు ఇంటెల్ అక్టోబర్‌లో చెప్పింది, ల్యాప్‌టాప్‌లు 2026 జనవరి చివర్లో అమ్మకానికొచ్చాయి. గేట్ ఫిబ్రవరి 7న మొదలు! ఈలోపు ర్యామ్ ధరలు కూడా బాగా పెరిగిపోయాయి. విండోస్ 10 భయం కూడా సగం తీరింది. ఇళ్లలో వాడేవాళ్లకి మరో ఏడాది, 2026 అక్టోబర్ దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, నేను వాటిలో చేరాను.

ఇంకొకటి, ఇది ప్రాసెసర్ కంటే ముఖ్యం. గేట్‌లో కీబోర్డ్ ముట్టుకోనివ్వరు. న్యూమరికల్ జవాబులు తెరమీది కీప్యాడ్‌లో మౌస్‌తో ఒక్కో అంకె నొక్కాలి. కాలిక్యులేటర్ కూడా తెరమీదే. టచ్‌ప్యాడ్ మీద, కీబోర్డ్‌తో మాక్‌లు రాస్తే ఆ అలవాటు రాదు. మూడు గంటల్లో 65 ప్రశ్నలు, అంకెలు నొక్కడానికే టైమ్ తినేస్తుంది. ఒక మామూలు వైరు మౌస్ కొనండి, ప్రతి మాక్ దాంతోనే రాయండి.

ల్యాప్‌టాప్ పూర్తిగా చచ్చిపోయుంటే మాత్రం రిపేర్ల వెంట తిరగకండి, షాపులో ఇవాళ ఉన్నది కొనేయండి. అయితే కొన్ని కొత్త మోడళ్లలో, ఇంటెల్ లూనార్ లేక్ ప్రాసెసర్ ఉన్నవాటిలాంటివాటిలో, ర్యామ్ చిప్‌తోనే కలిసి ఉంటుంది, తరవాత పెంచలేం. 16 జీబీ ఉన్నదే తీసుకోండి. ఎంటెక్‌లో డీప్ లెర్నింగ్ చేయాలనుకునేవాళ్లు, దానికోసం కొనేది సీటు వచ్చాక చూసుకోవచ్చు. నేనూ అందుకే ఇంకా కొనలేదు.

పాతది నడుస్తున్నవాళ్లు ఈ రాత్రే టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ ఎంత చూపిస్తుందో, మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు వాడారో చూడండి. రెండు స్లాట్లలో ఒకటే వాడినట్టు ఉంటే, రేపు షాపుకి వెళ్లొచ్చి ఎల్లుండి మాక్ రాయొచ్చు.