వీపు మీద పడిన చెయ్యి

హారతి వేళకి కళ్లు తెరిచి నిలబడితే దర్శనం అయిపోయిందనుకునేవాళ్లను చూస్తే నాకు చిరాకు. మా పెద్దమ్మ పూజ కాగానే పిల్లల్ని అడిగేది: "స్వామి మెడలో మాల ఏ రంగురా?" ఒక్కడూ చెప్పలేకపోయేవాడు. అందరూ ఎదురుగానే నిలబడ్డారు మరి!

బృహదారణ్యక ఉపనిషత్తు మొదటి అధ్యాయం, ఐదో బ్రాహ్మణంలో (అధ్యాయంలోని భాగాన్ని అలా అంటారు) శ్రుతి ఈ సంగతే ఎత్తుకుంది. "అన్యత్రమనా అభూవం నాదర్శమ్, అన్యత్రమనా అభూవం నాశ్రౌషమ్." మనసు ఎక్కడో ఉంది, చూడలేదు. మనసు ఎక్కడో ఉంది, వినలేదు. మనం రోజూ చెప్పే సాకునే తెచ్చి సాక్ష్యంగా నిలబెట్టి, చూసేదీ వినేదీ మనసుతోనే అని తేల్చేసింది.

1999లో సైమన్స్, చాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వీడియో చూపించి, ఆటగాళ్లు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషంలో ఒకరు నడిచి వెళ్లారు. చూసినవాళ్లలో దాదాపు సగం మంది గమనించనే లేదు. చూపు సరిగ్గా గొరిల్లా మీద పడినా గమనించనివాళ్లున్నారని తర్వాత కంటి కదలికలు కొలిస్తే తెలిసింది. (దీన్ని పట్టుకుని "మన ఋషులు అన్నీ ముందే కనిపెట్టేశారు" అని ఫార్వర్డ్ చేయకండి. ఆ ఋషి వెతికింది వేరే.)

నాకు ప్రాణమైన వాక్యం ఆ ఉపనిషత్తులోనే, ఆ మాటల తర్వాత కాస్త దూరంలో వస్తుంది. "తస్మాదపి పృష్ఠత ఉపస్పృష్టో మనసా విజానాతి." వెనక నుంచి తాకినా మనసుతో తెలుసుకుంటాడు. ఇది చేతి స్పర్శ, ఇది మోకాలి స్పర్శ అని వేరుచేసి మరీ తెలుసుకుంటాడని శంకరుల భాష్యం. నిజానికి వీపు చర్మం చాలా మొద్దు. వేలికొన మీద 2, 3 మిల్లీమీటర్ల ఎడంలో రెండు మొనలు ఆనించినా రెండని తెలుస్తుంది. వీపు మీద అయితే ఆ ఎడం సుమారు 4 సెంటీమీటర్లు ఉండాలి. అయినా అమ్మ చెయ్యి వీపు మీద పడితే తిరిగి చూడక్కర్లేదు. చర్మం పంపిన ఆ కాస్త కబురుకి మెదడు ఏళ్ల తరబడి దాచుకున్న పరిచయాన్ని జోడించి, అమ్మేనని చెప్పేస్తుంది.

స్వామి కూడా ఎక్కువసార్లు వెనక నుంచే తాకుతాడని నా నమ్మకం. నాన్నగారు పెద్ద జబ్బు నుంచి లేచి కూర్చున్న పూట నాకు ఆ చెయ్యి తెలిసింది. ఎవరికీ నిరూపించలేను, నిరూపించాలనీ లేదు. కానీ బొత్తిగా పరిచయం లేని చేతిని ఎవరు మాత్రం పోల్చుకోగలరు? ఆ పరిచయం పెంచుకోవడానికే కదా ఈ పూజలూ పారాయణాలూ!

అందుకని దయచేసి ఒక చేత్తో ఫోన్ జరుపుతూ సహస్రనామం చదవకండి. టైం లేదా, పది నామాలే చదవండి. మనసు జారిందని తెలిసిన చోట ఆగి, ఆ నామాన్నే మళ్లీ పలకండి. లెక్క తప్పితే తప్పనివ్వండి, స్వామి ఏమీ అనుకోడు.