మొక్కజొన్న వేళ్లలో పట్టని వ్యామ్: మూడో ప్రయత్నం

వేళ్లలో చేరి, మొక్క నుంచి చక్కెరలు తీసుకుని బదులుగా భాస్వరం అందించే శిలీంధ్రం వ్యామ్. అది మూడోసారి కూడా మొక్కజొన్నకు పట్టకపోవడంతో మనసు చివుక్కుమంది. 45 రోజులు పెంచిన మొక్కజొన్న వేళ్లను కాస్టిక్ పొటాష్‌లో ఉడికించి, వెనిగర్‌లో కలిపిన షేఫర్ నల్లసిరాతో రంగు పట్టించి (ఈ పనికి నేను వాడి చూసిన సిరాల్లో దీనికి సాటి లేదు), కుండీకి 100 చోట్ల చొప్పున సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాను. వ్యామ్ వేసిన ఆరు కుండీల్లో శిలీంధ్రం సగటున 7 చోట్ల కనిపించింది. వేయని ఆరింటిలో 5 చోట్ల. మొక్కల ఎత్తు 84, 86 సెంటీమీటర్లు, అదీ వేయనివాటిదే ఎక్కువ.

మొదట వ్యామ్ పొడి పొట్లాన్నే అనుమానించాను. కానీ అదే పొట్లంలోని పొడితో ఏటి ఇసుకలో పెంచిన ఉల్లి వేళ్లలో 61 చోట్ల శిలీంధ్రపు నీలిరంగు బుడగలు, పోగులు స్పష్టంగా కనిపించాయి.

కాబట్టి లోపం మట్టిదేనని అనుకుంటున్నాను. అది గుంటూరు దగ్గర మా మేనమామ మిరప చేను నుంచి తెచ్చిన నల్లరేగడి. ఏటా డీఏపీ అనే భాస్వరపు ఎరువు పడే నేల కావడంతో, పరీక్షలో లభ్య భాస్వరం ‘అధికం’ అని వచ్చింది. వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర భాస్వరం ఖాళీ అయినప్పుడు, ఆ ఖాళీని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచి దాన్ని తెచ్చిపెట్టడమే ఈ పోగుల పని. భాస్వరం చాలని మొక్క వేళ్ల నుంచి స్ట్రిగోలాక్టోన్లనే సంకేత రసాయనాలను ఎక్కువగా విడుస్తుంది. వాటి వల్లనే శిలీంధ్రపు పోగు కొమ్మలు వేస్తుందని 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. కడుపు నిండిన నా మొక్కజొన్న ఆ పిలుపే పంపి ఉండదు, చక్కెరలూ ఇచ్చి ఉండదు. డీఏపీ దండిగా వేసిన చేలో వ్యామ్ చల్లడం డబ్బు దండగని నా అభిప్రాయం.

ఇంకా రెండు సందేహాలున్నాయి. రోజూ నీరు పోయడం వల్ల రేగడి బిగుసుకుపోయి, శిలీంధ్రానికి గాలి అందక పోయి ఉండవచ్చు. మట్టిని ఇడ్లీ పాత్రలో గంటసేపే ఆవిరి పట్టాను గనుక, ఆ 5 చోట్ల కనిపించినది చావకుండా మిగిలిన పాత శిలీంధ్రమే కావచ్చు.

ఈసారి ఒక పాలు రేగడికి మూడు పాళ్ల ఇసుక కలిపి, రెండు రోజులు వరుసగా ఆవిరి పట్టి, మూడు రోజులకొకసారి నీరు పెడతాను. సగం కుండీల్లో ఉదయపూర్ దగ్గరి ఝామర్‌కోట్రా గని రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న రాతిపొడి) వేస్తాను. క్షార నేలలో అది తనంతట కరగదు కాబట్టి, ఆమ్లాలు విడిచే ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజును వ్యామ్‌కు తోడు చేసి చూడాలని ఉంది. క్యాబేజీ వేళ్లలో వ్యామ్ పట్టదు గనుక దాని జోలికి పోను. మళ్లీ మొక్కజొన్నే, పక్కన ఉల్లి.